తాబేళ్ల విజయ



ఈ ప్రత్యేక సంచికకు నేను ఎంచుకున్న వ్యక్తి కుమారి జె. విజయ. సరీసృపాలపై పరిశోధన చేసిన తొలి భారతీయ మహిళగా పేరు పొందారు. ఆమె మన ప్రాంతంవారు కాకపోయినా, ఆమె పాటుపడిన జీవి మాత్రం మన తీరానికి ఏటా వచ్చే అతిథి.

విజయ 1959లో బెంగళూరులో జన్మించారు. మద్రాసు ఎతిరాజ్ కళాశాలలో జంతుశాస్త్రం చదువుతూ, 1978లో గిండీ పాముల పార్కులో జీతం లేకుండా పనికి చేరారు. తరువాత అదే ఆమె ఉద్యోగమైంది. రోములస్ విటేకర్ ప్రోత్సాహంతో దేశమంతా తిరిగి, తాబేళ్ల వేట, అమ్మకాల వివరాలు సేకరించారు. ఆ రోజుల్లో ఒక ఆడపిల్లకు అది తేలికైన పని కాదు.

బెంగాల్ తీరంలోని దిఘాలో సముద్ర తాబేళ్లను గుట్టలుగా పోసి కోసి అమ్మడం చూసి ఫొటోలు తీశారు. 1982లో అవి ఇండియా టుడేలో వెలువడ్డాయి. నాటి ప్రధాని ఇందిరాగాంధీ స్పందించి, తీర రక్షక దళాన్ని గస్తీకి ఆదేశించారు.

అదే ఏడాది, సుమారు 70 ఏళ్లుగా శాస్త్రజ్ఞుల కంటబడని కేన్ తాబేలును కేరళలోని చాలక్కుడి అడవుల్లో తిరిగి కనుగొన్నారు. కాడర్ గిరిజనుల సాయంతో, గుహలో మకాం పెట్టి దానిని పరిశీలించారు. 1987లో, 30 ఏళ్లయినా నిండకుండానే, అడవిలోనే కన్నుమూశారు. 2006లో శాస్త్రజ్ఞులు ఆ తాబేలు ప్రజాతికి విజయాకెలిస్ అని ఆమె పేరే పెట్టారు.

పింఛనుకు కనీసం 10 ఏళ్ల సర్వీసు కావాలని మనకందరికీ తెలుసు. ఆమె పనిచేసింది 9 ఏళ్లే! మూడు పదుల సర్వీసు పూర్తిచేసిన నాబోటివాడు ఆ లెక్క చూసి తల వంచవలసిందే.

ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు బాపట్ల దగ్గర సూర్యలంకలో, రేపల్లెకు దిగువన నిజాంపట్నం తీరంలో ఒడ్డుకెక్కి, ఇసుకలో గొయ్యి తవ్వి 100 పైచిలుకు గుడ్లు పెడతాయి. పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. తాబేలు గాలి పీల్చే ప్రాణి. మరబోట్ల వలల్లో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. అలా కొట్టుకొచ్చిన కళేబరాలు నేటికీ మన తీరంలో కనిపిస్తున్నాయి.

కనుక తెనాలి, బాపట్ల, రేపల్లె సభ్యులకు నా మనవి ఒకటే. మనవలతో సముద్రస్నానానికి వెళ్లినప్పుడు ఇసుకలో తాబేలు జాడ కనబడితే తొక్కనీయకండి, తవ్వనీయకండి. వెంటనే అటవీశాఖ సిబ్బందికి తెలియజేయండి. పిల్లలకు విజయ కథ కూడా చెప్పండి.