రెండుసార్లు అగ్గి కాల్చినా... ఆట ఆగలేదు!

పిల్లలున్న ఇంట్లో రాత్రిపూట చెప్పుల్లేకుండా నడిస్తే అరికాలికి ఏదో ఒకటి గుచ్చుకోక మానదు. బొడిపెలున్న ఆ బుల్లి ప్లాస్టిక్ ఇటుకను తిట్టుకుంటూ ఏరి డబ్బాలో పడేస్తాం. తెల్లారేసరికి అదే ఇటుక పిల్లాడి చేతిలో కోటగోడ అయిపోతుంది. సాయంత్రానికి ఓడ. మర్నాటికి రాకెట్టు. ఒక్క వస్తువే వంద అవతారాలెత్తే ఆ ఆట పేరు లెగో. దీన్ని మొదలుపెట్టింది పెద్ద చదువులు చదివిన ఇంజినీరో, కోట్లకు పడగలెత్తిన వ్యాపారో అనుకుంటే పొరపాటే. అప్పుల్లో పీకల్దాకా మునిగిన ఓ పల్లెటూరి వడ్రంగి. పేరు ఓలే కిర్క్ క్రిస్టియన్సెన్.

అతనిది డెన్మార్క్. తమిళనాట ఉన్న మనవాళ్లకు ఆ దేశం పేరు కొత్తేమీ కాదు. తరంగంబాడిలో సముద్రపు ఒడ్డున 1620లో కోట కట్టింది ఆ దేశస్థులే. 1845లో దాన్ని ఇంగ్లిషువాళ్లకు అమ్మేసి వెళ్లిపోయారు. ఆ తర్వాత మరో నలభై ఆరేళ్లకు, 1891 ఏప్రిల్ 7న, డెన్మార్క్‌లో జట్లాండ్ అనే ప్రాంతంలోని ఫిల్‌స్కోవ్ గ్రామంలో ఓలే పుట్టాడు.

పశువుల కాపరి చేతికి ఉలి

ఇంటినిండా పిల్లలు. తండ్రి సంపాదన అంతంతమాత్రం. పంటలు సరిగా పండని నేల. ఊహ తెలిసేసరికే ఓలే పశువుల వెంట వెళ్లాడు. బీట్లో కూర్చుని చిన్న కత్తితో పుల్లలు చెక్కుతుండేవాడు. పద్నాలుగేళ్లకు పెద్దన్న దగ్గరే వడ్రంగం నేర్చుకోవడానికి చేరాడు. పని వంటబట్టాక కొన్నాళ్లు జర్మనీ, నార్వేల్లో కూలికి పనిచేశాడు. నాలుగు రాళ్లు వెనకేసుకుని తిరిగొచ్చి, 1916లో బిల్లుండ్ అనే చిన్న పల్లెలో ఓ వడ్రంగి కార్ఖానా కొన్నాడు. నార్వేలో పరిచయమైన హాన్సినేని అదే ఏడు పెళ్లి చేసుకున్నాడు.

బిల్లుండ్ అప్పటికి మ్యాపులో వెతుక్కోవాల్సిన ఊరు. చుట్టూ బీడు నేలలు, నాలుగు రైతుల ఇళ్లు. ఓలే తలుపులు, కిటికీలు చేసేవాడు. ఇళ్లు కట్టేవాడు. పని చేతినిండా ఉండేది గానీ డబ్బు చేతికి రావడమే కష్టం. ఇచ్చినప్పుడు పుచ్చుకోవడమే తప్ప గట్టిగా అడిగే రకం కాదు. దైవభక్తి మాత్రం జాస్తి. ఆ దంపతులకు వరసగా నలుగురు కొడుకులు పుట్టారు.

కొడుకుల ఆట... కొంపకు నిప్పు

1924లో ఓ ఆదివారం. ఇంట్లోవాళ్లు కాస్త నడుం వాల్చిన వేళ. నాలుగైదేళ్ల వయసున్న ఇద్దరు కొడుకులు కార్ల్ జార్జ్, గాట్‌ఫ్రెడ్ కార్ఖానాలోకి దూరారు. బొమ్మ సామాన్లు చేద్దామని సరదా పడ్డారు. జిగురు కాచే పొయ్యి వెలిగించారు. నిప్పురవ్వ ఎగిరి చెక్కపొట్టు మీద పడింది. ఇంకేముంది, కార్ఖానాతోపాటు దాన్ని ఆనుకుని ఉన్న ఇల్లు కూడా కాలి బూడిదైంది. ప్రాణాలు దక్కడమే గొప్ప.

ఎవరైనా అయితే అక్కడే కుంగిపోదురు. ఓలే మాత్రం ఇంకా పెద్ద భవనం కట్టించాడు. అంత ఇల్లు తనకు అవసరం లేదు కాబట్టి కొంత భాగం అద్దెకిచ్చి, మిగిలిన దాంట్లో కాపురం, పని సర్దుకున్నాడు. సింహం బొమ్మలతో ఉండే ఆ ఇల్లు బిల్లుండ్‌లో ఆ తర్వాత ఓ గుర్తుగా నిలిచిపోయింది.

ఇల్లాలు పోయింది... అప్పు మిగిలింది

1929లో అమెరికాలో మొదలైన ఆర్థికమాంద్యం డెన్మార్క్ పల్లెల్నీ వదల్లేదు. రైతులకు వెన్నకూ, పంది మాంసానికీ ధర పడిపోయింది. రైతు దగ్గర డబ్బు లేకపోతే ఇల్లు కట్టేదెవరు? వడ్రంగిని పిలిచేదెవరు? ఓలే పనివాళ్లను ఒక్కొక్కరినే తీసేయాల్సి వచ్చింది. కలప మాత్రం కార్ఖానాలో మిగిలింది. దాంతో చిన్నవాటి మీద పడ్డాడు. నిచ్చెనలు, పీటలు, ఇస్త్రీ బల్లలు, వాటితోపాటు చెక్క బొమ్మలు. ఇది 1932 సంగతి.

అదే ఏడాది హాన్సినే కన్నుమూసింది. పెద్దకొడుక్కి పదిహేనేళ్లు. చిన్నవాడికి ఆరు. ఓ పక్క తల్లిలేని నలుగురు పిల్లలు, మరోపక్క అప్పులవాళ్లు. బొమ్మలకు మంచి ఆర్డరిచ్చిన టోకు వ్యాపారి దివాలా తీస్తే, ఆ సరుకంతా తనే బండిలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్నాడు. కొందరు డబ్బుకు బదులు తిండి సామాన్లు ఇచ్చేవారు. అవీ పుచ్చుకున్నాడు. అప్పుకు హామీ ఉండమని తోబుట్టువుల్ని అడిగితే వాళ్లు సంతకాలైతే పెట్టారు గానీ, పనికొచ్చే వస్తువేదన్నా చేసుకోక ఈ బొమ్మల పిచ్చేమిటని మెత్తగా మందలించారు. ఓలే తల వంచుకుని విన్నాడు. ఇంటికొచ్చి మళ్లీ బొమ్మలే చేశాడు! పిల్లల వస్తువైనా పెద్దల వస్తువంత గట్టిగా ఉండాలన్నది అతని పట్టు.

రెండేళ్లకు సోఫీ అనే ఆవిడను మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఓ కూతురు పుట్టింది. ఇంట్లో మళ్లీ దీపం వెలిగింది.

బొమ్మలకు ఓ పేరుండాలి కదా! 1930ల నడుమ తన పనివాళ్లకే పోటీ పెట్టాడు. మంచి పేరు చెప్పినవాళ్లకు ఇంట్లో చేసిన వైన్ సీసా బహుమతి. చివరకు పేరు తనే పెట్టుకున్నాడు లెండి. డేనిష్ భాషలో బాగా ఆడుకో అని అర్థమిచ్చే రెండు మాటల మొదటి అక్షరాలు కలిపి లెగో అన్నాడు. లాటిన్‌లో అదే మాటకు కూరుస్తాను అనే అర్థం కూడా వస్తుందని ఆ తర్వాతెప్పుడో తెలిసిందట.

ఆ రోజుల్లోనే యో-యో బొమ్మల మోజు ఒకటి వచ్చింది. ఓలే వేలకొద్దీ చేసి పెట్టాడు. మోజు వచ్చినంత వేగంగానూ పోయింది. గుట్టలుగా మిగిలిన యో-యోలను రెండుగా చీల్చి, చెక్క లారీలకు చక్రాలుగా బిగించాడు. పారేయడం అతనికి తెలియదు మరి.

మూడో పూత కథ

లెగో కంపెనీలో ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది. అప్పట్లో వాళ్లు చేసే బొమ్మల్లో చెక్క బాతుకు మంచి గిరాకీ. తాడు కట్టి లాగితే చక్రాల మీద నడుస్తూ ముక్కు తెరిచి మూస్తుంది. కలపను బాగా ఆరబెట్టి, కోసి, నున్నగా రుద్ది, మూడుసార్లు వార్నిష్ పూసేవారు.

అప్పటికి కుర్రాడైన గాట్‌ఫ్రెడ్ ఓ సాయంత్రం ఉత్సాహంగా ఇంటికొచ్చాడు. ఆ రోజు కంపెనీకి డబ్బు మిగిల్చానని తండ్రితో చెప్పాడు. ఎలాగంటే, స్టేషన్‌కు పంపిన బాతులకు మూడు పూతలకు బదులు రెండే వేయించాడు. ఎవరికీ తేడా తెలియదన్నది అతని లెక్క. శభాష్ అంటాడనుకున్న తండ్రి ముఖం మాడ్చుకున్నాడు. వెంటనే స్టేషన్‌కు వెళ్లి ఆ పెట్టెలన్నీ వెనక్కి తేవాలన్నాడు. విప్పి మూడో పూత వేసి, మళ్లీ కట్టి, తిరిగి స్టేషన్‌లో అప్పజెప్పాలన్నాడు. సాయం ఎవరూ ఉండరు. రాత్రంతా పట్టినా సరే ఒక్కడే చేయాలి.

గాట్‌ఫ్రెడ్ ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ పాఠాన్ని జీవితమంతా మర్చిపోనూ లేదు. ఎంత మేలైనదైనా ఇది ఎక్కువ అనుకోకూడదన్న తండ్రి మాటను తర్వాత తనే చెక్క పలక మీద చెక్కి కార్ఖానా గోడకు తగిలించాడు.

మళ్లీ బూడిద

1940 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం డెన్మార్క్‌ను ఆక్రమించింది. ఆ గడ్డు రోజుల్లోనే, 1942 మార్చిలో ఓ రాత్రి ఫ్యాక్టరీ అంటుకుంది. కలప, యంత్రాలు పోయాయి. అంతకంటే ఘోరం, ఏళ్లతరబడి తయారుచేసుకున్న నమూనాలు, డ్రాయింగులు కూడా బుగ్గయ్యాయి. యాభై ఒకటో ఏట మళ్లీ మొదటికొచ్చాడు ఓలే. ఇక చాలు, మానేద్దామన్న ఆలోచన వచ్చింది కూడా. కానీ తనను నమ్ముకున్న పనివాళ్ల ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతుంది? ఆ ఒక్క ప్రశ్నే అతన్ని లేపి నిలబెట్టింది. కొత్త ఫ్యాక్టరీని బొమ్మలకే అనువుగా కట్టించాడు. రెండేళ్లలో నలభై మంది దాకా పనిచేసే చోటు అయింది.

అరవైకి దగ్గరపడి... ప్లాస్టిక్ మీద పందెం

యుద్ధం ముగిసింది. 1946లో ఓలేకు ప్లాస్టిక్ అచ్చు పోసే యంత్రం ఒకటి కనబడింది. ప్లాస్టిక్‌ను కరిగించి, అచ్చులోకి ఒత్తిడితో పంపి, చల్లారాక వస్తువును బయటికి తీసే యంత్రమది. ఖరీదు 30 వేల క్రోనర్లు. అప్పటి ఆ కంపెనీకి అది కొండంత సొమ్ము. కొడుకులు వద్దన్నారు. చెక్కే నమ్ముకున్న ఇంట్లో ఈ కొత్త వేషాలేమిటని అనుమానపడ్డారు. ఓలే వినలేదు. జీవితమంతా చెక్కతోనే బతికిన వడ్రంగి ప్లాస్టిక్ మీద పందెం కాయడం ఎవరికీ అర్థంకాలేదు.

ఆ యంత్రంతోపాటు చూపించిన నమూనాల్లో ఓ చిన్న ఇటుక ఉంది. పైన బొడిపెలు, లోపల బోలు. ఒకదానిమీద ఒకటి పెడితే పట్టుకుంటాయి. దాన్ని చేతిలో తిప్పి చూసిన ఓలే మరి వదల్లేదు. 1949లో బిల్లుండ్ నుంచి లెగో ఇటుకలు బజారుకొచ్చాయి.

ఇటుక అసలు ఎవరిది?

ఇక్కడ నిజం ఒకటి దాచకుండా చెప్పుకోవాలి. ఆ ఇటుక ఓలే బుర్రలో పుట్టింది కాదు. హిలరీ ఫిషర్ పేజ్ అనే ఇంగ్లిషాయన కిడ్డీక్రాఫ్ట్ పేరుతో అంతకుముందే చేశాడు. బ్రిటన్‌లో పేటెంట్ కూడా తీసుకున్నాడు. డెన్మార్క్‌లో ఆ రక్షణ లేకపోవడంతో ఓలే, గాట్‌ఫ్రెడ్ ఆ నమూనానే తీసుకున్నారు. అంగుళాల కొలతను మెట్రిక్‌లోకి మార్చి, మూలలు పదునుచేసి, బొడిపెల పైభాగాన్ని చదును చేశారు. పేజ్ 1957లో చనిపోయాడు. చాలాకాలం తర్వాత, 1981లో లెగో కంపెనీ కిడ్డీక్రాఫ్ట్ ఇటుకల హక్కులు కొనుక్కుంది. తప్పో ఒప్పో పాఠకులే తేల్చుకోవాలి. మూడో పూత విషయంలో అంత నిక్కచ్చిగా ఉన్న మనిషి కథలో ఈ ముక్క కూడా ఉంది.

మొదట్లో ఆ ఇటుకలు అంతగా అమ్ముడుపోలేదు కూడా. లోపల బోలుగా ఉండటంతో పట్టు చాలేది కాదు. పిల్లాడు కష్టపడి కట్టిన ఇల్లు కాస్త కదిపితే ఊడి పడిపోయేది. ప్లాస్టిక్ బొమ్మలు చెక్కబొమ్మల ముందు నిలవవని వ్యాపారులు పెదవి విరిచారు. 1951లో ఓలేకు పక్షవాతం వచ్చింది. పగ్గాలు మెల్లగా గాట్‌ఫ్రెడ్ చేతికి వచ్చాయి.

గొట్టాలతో గట్టిపడింది

1954లో గాట్‌ఫ్రెడ్ ఓడలో ఇంగ్లండ్ వెళ్తున్నాడు. దార్లో బొమ్మలు కొనే ఓ వ్యాపారితో మాటలు కలిశాయి. బొమ్మల్లో ఒకదానికొకటి పొంతన ఉండటం లేదని, ఓ పద్ధతంటూ లేదని ఆయన వాపోయాడు. ఆ మాట గాట్‌ఫ్రెడ్‌ను పట్టుకుంది. తమ 200 రకాల బొమ్మల్లో పద్ధతికి ఒదిగేది ఏదా అని చూస్తే ఇటుకే కనబడింది. నేడు కొన్న పెట్టె నిన్నటి పెట్టెతో కలవాలి. ఎంత కొంటే ఆట అంత పెరగాలి. 1955లో రోడ్లు, ఇళ్లు, బుల్లి కార్లతో ఊరు కట్టుకునే ఆట అలా వచ్చింది.

మిగిలింది పట్టు. ఎన్నో రకాలుగా ప్రయత్నించాక ఇటుక లోపల గొట్టాలు పెట్టారు. కింది ఇటుక బొడిపెలు పై ఇటుక గొట్టాలకూ గోడలకూ మధ్య బిగుసుకున్నాయి. లాగితే వస్తుంది, దానంతటది ఊడదు. 1958 జనవరి 28న మధ్యాహ్నం 1 గంట 58 నిమిషాలకు కోపెన్‌హాగెన్‌లో పేటెంట్ దరఖాస్తు పడింది.

సరిగ్గా 42 రోజులకు, 1958 మార్చి 11న ఓలే కిర్క్ కన్నుమూశాడు. వయసు 66 ఏళ్లు.

చూడకుండా పోయిన పంట

ఆ తర్వాత జరిగినదేదీ అతను చూడలేదు. 1960లో చెక్క బొమ్మల గోదాము కాలిపోయింది. ఈసారి గాట్‌ఫ్రెడ్ చెక్క జోలికి మళ్లీ పోలేదు. బొమ్మల వడ్రంగి పెట్టిన కంపెనీలో చెక్కకే చోటు లేకుండా పోయింది. 1968లో బిల్లుండ్‌లో ఇటుకలతో కట్టిన బుల్లి ఊళ్లతో లెగోలాండ్ తెరిచారు. ఆ పల్లెకు విమానాశ్రయం వచ్చింది. 1978లో చేతులూ కాళ్లూ కదిలే బుల్లి మనుషులొచ్చారు. వాళ్లకు పట్నం, కోట, అంతరిక్షం అంటూ వేర్వేరు లోకాలూ వచ్చాయి.

ఎనిమిది బొడిపెల ఇటుకలు ఒకే రంగువి రెండుంటే 24 రకాలుగా కలపొచ్చు. ఆరుంటే 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 రకాలు! 1958 నాటి ఇటుక నేటి ఇటుకకు చక్కగా బిగుస్తుంది. తాత దాచిన డబ్బాలోది మనవడి కోటకు పనికొస్తుందన్నమాట.

కర్ణాటకలో మనవాళ్లకు చెన్నపట్న బొమ్మ తెలుసు. మన కొండపల్లి, ఏటికొప్పాక సంగతి చెప్పనక్కర్లేదు. రంగు మీద రంగు వేసే ఆ చేతులకు మూడో పూత విలువ ఎవరూ నేర్పక్కర్లేదు. ఎవరూ చూడరని తెలిసినా ఆ పూత వేయడమే పనితనం. బిల్లుండ్ వడ్రంగి ఓ రాత్రంతా కొడుకును మేలుకొలిపి నేర్పింది అదే. ఈసారి అరికాలికి ఆ బుల్లి ఇటుక గుచ్చుకున్నప్పుడు, తిట్టుకునే ముందు ఓసారి ఓలేను తలుచుకోండి!