కండబలం రహస్యం వెదికిన బ్రౌన్ సెకార్

వయసు మళ్ళినకొద్దీ మనిషికి కండ కరిగిపోవడం మనం ప్రతి ఇంట్లో చూస్తున్నదే. ఒకప్పుడు వడ్ల బస్తా భుజానికెత్తిన తాత, చివరికి మంచం మీది నుంచి లేవడానికి చెయ్యి అందించమంటాడు. ఇలా ఎందుకవుతుందని తన శరీరం మీదే ప్రయోగం చేసుకున్న శాస్త్రవేత్త ఛార్లెస్ ఎడ్వర్డ్ బ్రౌన్ సెకార్. ఆయన జీవితాన్ని హాస్టల్ మిత్రులకు పరిచయం చేయాలని మా ఈ చిన్న ప్రయత్నం.

ఆయన 1817లో మారిషస్ దీవిలో పుట్టాడు. తర్వాతి కాలంలో మన తెలుగు కూలీలు కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళిన దీవే అది. తండ్రి అమెరికన్ ఓడ కెప్టెన్. కొడుకు పుట్టకముందే సముద్రంలో గల్లంతయ్యాడు. ఫ్రెంచి వంశానికి చెందిన తల్లి కుట్టుపని చేసి బిడ్డను పెంచింది. 1838లో ఇద్దరూ పారిస్ చేరారు. అక్కడ ఆ తల్లి విద్యార్థులకు భోజన వసతి ఏర్పాటు చేస్తూ కొడుకుని వైద్యం చదివించింది. అతను డాక్టరయ్యే రోజు చూడకుండానే కన్నుమూసింది. ఆమె పుట్టింటి పేరైన సెకార్‌ను ఆయన తన పేరులో కలుపుకున్నాడు.

1846లో పట్టా పొందాక వెన్నుపాము మీద ఆయన చేసిన పరిశోధన నేటికీ వైద్య విద్యార్థుల పాఠం. 1854లో మారిషస్‌లో కలరా ప్రబలినప్పుడు సొంత దీవిలో రోగులకు సేవ చేశాడు. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తీసేస్తే జంతువులు బతకవని 1856లో చూపాడు. గ్రంథులు రక్తంలోకి ఏదో పదార్థాన్ని వదులుతాయనే ఆలోచనకు ఇది బలమిచ్చింది.

1889 జూన్ 1న పారిస్‌లోని శాస్త్రవేత్తల సభలో ఆయన చేసిన ప్రకటన సంచలనం రేపింది. అప్పటికి ఆయనకు 72 ఏళ్ళు. కుక్కలు, గినీ పందుల వృషణాల నుంచి తీసిన రసాన్ని తనకు తానే ఇంజక్షన్ చేసుకున్నాడు. ముంజేతి బలాన్ని ముందూ తర్వాతా పరికరంతో కొలిచి, బలం పెరిగిందన్నాడు. మెట్లు సులువుగా ఎక్కగలుగుతున్నానన్నాడు. ఇంజక్షన్లు ఆపాక కొద్ది వారాలకే ఆ బలం పోయిందని కూడా దాచకుండా చెప్పాడు. ఈలోగా వ్యాపారులు యవ్వన మందులంటూ అమ్మకాలు మొదలుపెట్టారు. 1894లో ఆయన మరణించాడు.

హార్మోన్ అనే మాట 1905లో వచ్చింది. వృషణాల హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను 1935లో వేరుచేశారు. వృషణాలు దీన్ని నిల్వ ఉంచుకోవు. ఇది నీటిలో సరిగా కరగదు కూడా. ఆస్ట్రేలియా పరిశోధకులు ఆయన పద్ధతిలోనే రసం తీసి, అందులోని హార్మోన్ ఏ మాత్రమూ చాలదని 2002లో తేల్చారు. ఆయనకు కలిగిన బలం నమ్మకం వల్ల వచ్చిందే. మందు లేని ఉత్త నీళ్ళు పొడిచి పోల్చి చూసి ఉంటే ఆయనకే తెలిసేది.

అయినా ఆయన వేసిన ప్రశ్న సరైనదే. వయసుతోపాటు టెస్టోస్టెరాన్, గ్రోత్ హార్మోన్ తగ్గుతాయి. స్త్రీలలో ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ పడిపోతుంది. దీంతో కండలో కొత్త ప్రోటీన్ తయారీ మందగిస్తుంది. ఈ కండ క్షీణతకు 1989లో సార్కోపీనియా అని పేరు పెట్టారు. హార్మోన్ ఒక్కటే కారణం కాదు. నరాల బలహీనత, కదలిక లేకపోవడం, తిండిలో ప్రోటీన్ చాలకపోవడం కూడా కారణాలే. టెస్టోస్టెరాన్ తక్కువున్న వృద్ధులకు దాన్ని ఇస్తే కండ కొంత పెరుగుతుంది గానీ, నడకలో, పనిలో వచ్చే లాభం స్వల్పమే. బరువులతో వ్యాయామం, పప్పు, గుడ్డు, పాలు ఉన్న తిండి – ఇవే ఇప్పటికీ మొదటి మందు.

మిత్రులారా! జిమ్ముల్లో స్టెరాయిడ్ ఇంజక్షన్లకు ఆశపడే తమ్ముళ్ళు ఒక్క క్షణం ఆలోచించాలి. హార్మోన్ బయటి నుంచి వస్తే శరీరం తాను చేసుకునేది తగ్గించేస్తుంది, వృషణాలు కుంచించుకుపోతాయి, గుండెకూ ముప్పే. బలం సీసాలో దొరకదు. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు తాతకు, నానమ్మకు రోజుకో గుడ్డు పెట్టించి, కుర్చీలోంచి పదిసార్లు లేపి కూర్చోబెడదాం. బ్రౌన్ సెకార్ వెదికిన బలానికి ఇదే దగ్గరి దారి.