ఆర్చిబాల్డ్ గారడ్: నల్లటి మరక వెనుక ఒక జీన్



పదో తరగతి పిల్లలు అనువంశికత పాఠం చదివేటప్పుడు మెండెల్ బఠానీ మొక్కల గురించి ఇంట్లో చెప్పే ఉంటారు. ఆ సూత్రాలు మనుషుల జబ్బులకూ వర్తిస్తాయని మొదట చూపిన డాక్టర్ ఆర్చిబాల్డ్ గారడ్ పేరు మాత్రం అంతగా వినపడదు.

ఆయన 1857లో లండన్‌లో పుట్టారు. తండ్రి పేరున్న డాక్టర్. స్కూల్లో లాటిన్, గ్రీకు ఆయనకు ఎక్కలేదు. సైన్స్ తీసుకున్నాక ఆక్స్‌ఫర్డ్‌లో ఫస్ట్ క్లాస్ వచ్చింది. (ప్రోగ్రెస్ కార్డు చూసి కంగారుపడే రోజున గుర్తు చేసుకోవచ్చు!)

పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తుండగా ఆయన దగ్గరికి ఒక బాబు వచ్చాడు. వాడి మూత్రం గాలి తగిలితే నల్లబడేది. ఈ జబ్బు పేరు ఆల్కాప్టోన్యూరియా. పేగుల్లో చేరిన సూక్ష్మజీవుల వల్ల వస్తుందని అప్పటి డాక్టర్ల నమ్మకం. ఆ తల్లికి 1901లో మరో బిడ్డ పుట్టినప్పుడు, గుడ్డలను పుట్టినప్పటి నుంచే గమనించమని గారడ్ చెప్పారు. మూడో రోజుకే నల్లటి మరక కనిపించింది. అంటే ఇది బయటి నుంచి అంటుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది.

ఇంకో సంగతి కూడా తెలిసింది. ఆ తల్లిదండ్రులిద్దరూ ఒకే తాతకు మనవడు, మనవరాలు. ఇలాంటి కుటుంబాలు మరికొన్ని ఉన్నాయి. మేనరికాలు ఇంకా జరిగే మన రాష్ట్రాల్లో ఈ భాగం నిదానంగా చదవాలి. తాత నుంచి లోపమున్న జీన్ కాపీ ఒక్కొక్కటి ఇద్దరికీ వచ్చి ఉండొచ్చు. వాళ్లకు ఏ జబ్బూ ఉండదు. కానీ ప్రతి కాన్పులోనూ, బిడ్డకు ఆ రెండు కాపీలూ చేరే అవకాశం నాలుగింట ఒక వంతు.

బేట్‌సన్ అనే శాస్త్రవేత్త సాయంతో గారడ్ దీన్ని మెండెల్ సూత్రాలకు కలిపి 1902లో ప్రచురించారు. జీన్ అనే మాట అప్పటికి పుట్టనే లేదు. 1909లో పుస్తకం కూడా రాశారు, డాక్టర్లు పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం ఇద్దరు కొడుకులను తీసుకుపోయింది, 1919లో ఫ్లూ మూడో కొడుకును. ఆయన మరుసటి ఏడాదే ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గా చేరారు. 1936లో కన్నుమూశారు.

ఆ జీన్ 1996లో స్పెయిన్ శాస్త్రవేత్తలకు దొరికింది. మూడో క్రోమోజోమ్ మీద, 14 ఎక్సాన్ ముక్కలుగా ఉంది. ఒంట్లో ప్రతి కణంలోనూ అది ఉన్నా, ముఖ్యంగా పనిచేసేది కాలేయంలో, కిడ్నీల్లో. మనం తినే ప్రొటీన్ నుంచి వచ్చే ఒక ఆమ్లాన్ని విడగొట్టే ఎంజైమ్‌ను తయారు చేయడం దాని పని. ఆ ఎంజైమ్ లేకపోతే ఆమ్లం పేరుకుని, పెద్దయ్యాక కీళ్లు కూడా నల్లబడి అరిగిపోతాయి. ఆ ఆమ్లాన్ని బాగా తగ్గించే నిటిసినోన్ అనే మందుకు యూరప్‌లో 2020లో అనుమతి వచ్చింది.