కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు

కోస్తా జిల్లాల పల్లెలలో ఈనాటికిని ఒక వాడుక వినవచ్చుచుండును. ధాన్యపు బస్తాను అవలీలగ భుజమున కెత్తిన కుర్రవానిని చూచి, వీడు మరియొక కోడి రామమూర్తి యని పెద్దలు ముచ్చటపడుదురు. తనకు మించిన బరువునకు తలపడి చతికిలబడినవానిని చూచి, తానేదో కోడి రామమూర్తి ననుకొన్నాడని వేళాకోళము చేయుదురు. కోనసీమలో సముద్రపుటంచున నున్న మా అల్లవరము ప్రాంతమునను ఈ మాట నాలుకలపై ఆడుచునే యున్నది. మెచ్చుకోలునకును మందలింపునకును గూడ ఒక మనుష్యుని పేరే కొలబద్ద యగుట సామాన్య విషయము కాదు. ఆయన గతించి ఎనిమిది దశాబ్దములు దాటినది. ఆయన పేరు వినని విద్యార్థి అరుదు; ఆయన జీవిత మెరిగిన విద్యార్థి యంతకంటె అరుదు.

నాయుడుగారు 1880 దశకపు తొలి సంవత్సరములలో, ఉత్తరాంధ్రమునందలి వీరఘట్టమున జన్మించిరి. తండ్రి కోడి వెంకన్న నాయుడు. తల్లి ఆయన పసితనముననే గతించెను. గారాబముగ పెరిగిన బాలునకు చదువుపై మనసు నిలువలేదు. అల్లరి మాత్రము మెండయ్యెను. అందుచే ఆయనను విజయనగరమున పోలీసు ఉద్యోగములో నున్న పినతండ్రి నారాయణస్వామి నాయుడుగారి యింటికి పంపిరి. ఆనాటి విజయనగరము సంగీత సాహిత్యముల కెట్లో సాముగరిడీలకును అట్లే ఆటపట్టు. గోదాలో అడుగుపెట్టిన బాలుడు పుస్తకమును మరచెనేమో గాని శ్రమను మరువలేదు. పిదప మద్రాసులోని సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమున తాను చదివిన పాఠశాలకే వ్యాయామోపాధ్యాయుడుగ తిరిగివచ్చెను. భారతదేశమంతయు కలియుగ భీముడని కొనియాడిన వీరుడు మొదట ఒక బడిపంతులని మన ఉపాధ్యాయులు గర్వముతో తలచుకొనవచ్చును.

విజయనగరమున పొట్టి పంతులుగారను సహృదయుని ప్రోత్సాహముతో నాయుడుగారు సర్కసు సంస్థను స్థాపించి ఊరూర ప్రదర్శనము లిచ్చిరి. రొమ్ముపై బల్ల పరపించుకొని దానిమీదుగ ఏనుగును నడిపించుకొనుట, ఛాతీకి బిగించిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచుట, రెండు మోటారు కార్లను చెరియొక ప్రక్కను గట్టించుకొని అవి కదలకుండ నిలుపుట ఆయన ప్రదర్శనములలో ప్రసిద్ధములు. పరాధీనమైన దేశమున, భారతీయుడు దుర్బలుడని దొరలు తలచుచుండిన కాలమున, ఈ దృశ్యములు జనులకు వినోదమును మించిన ధైర్యము నిచ్చినవి. దేశమంతట తిరిగి, విదేశములకు సైతము పోయి ఆయన కీర్తి గడించిరి. ఇండియన్ హెర్క్యులస్ అను బిరుదు ఆయన పేరునకు అంటిపెట్టుకొని నిలిచినది. ఆర్జించిన ధనమును మాత్రము నిలువచేయక దానధర్మములకు ధారాళముగ వెచ్చించిరి.

ఇంత బలము ఆయనకెట్లు వచ్చినది? మంత్రము చేతగాదు, మందు చేతగాదు. ఆయన శాకాహారి. ప్రాణాయామమును నిష్ఠతో అభ్యసించిన సాధకుడు. దండీలు, బస్కీలు, కుస్తీ, బరువులెత్తుట మొదలగు వానిని బాల్యమునుండి ఏండ్లతరబడి సాగించిన శ్రమజీవి. ఈ ఏండ్లతరబడి యనుమాటలోనే అసలు రహస్య మున్నది. వ్యాయామము చేయుచుండగ కండ తొందరగనే పెరుగును. ఆ కండను ఎముకకు కట్టిపట్టియుంచు గట్టి పోగులు కలవు. వైద్యులు వానిని స్నాయుబంధనము లందురు. వానికి నెత్తుటి ప్రసారము స్వల్పము. కావున అవి మెల్లగ బలపడును. ఎముకయు అంతియే. సాధన నిదానముగ సాగినపుడు కండ, పోగు, ఎముక మూడును ఒకదానికొకటి తోడుగ పెరుగును. లాగు ఎద్దునకు బలము హెచ్చి, కాడిత్రాడు పాతదిగనే యున్నచో ఏమగునో రైతుబిడ్డలకు వేరుగ చెప్పనక్కరలేదు.

నాయుడుగారి యనంతరము లోకమున మరియొక త్రోవ ఏర్పడినది. పురుషదేహమున సహజముగ నూరు టెస్టోస్టెరాన్ అను రసమును 1935లో శాస్త్రజ్ఞులు శుద్ధరూపమున వేరుచేసిరి; ఆ సంవత్సరముననే ప్రయోగశాలలో తయారుచేయుటయు నేర్చిరి. రోగులకు ఉపకరింపవలసిన ఆ విద్య, 1958లో అమెరికా విపణిలోనికి వచ్చిన డయానబాల్ మాత్రతో మల్లుల చేతిలోనికిని బరువులెత్తువారి చేతిలోనికిని పోయెను. ఈ జాతి మందులనే నేడు స్టెరాయిడ్లని వ్యవహరించుచున్నారు. ఇవి పనిచేయవని విద్యార్థులకు చెప్పుట సత్యము కాదు, ఉపయోగమును లేదు. 1996లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో, పది వారములు ఈ రసమును అధికముగ పుచ్చుకొన్నవారికి, ఏ వ్యాయామము చేయకున్నను కండ పెరిగినట్లు తేలినది. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. కండ పరుగెత్తును, దానిని పట్టియుంచు పోగు వెనుకబడును.

ఆ వెనుకబాటు ఫలితమును వైద్యులు లెక్కించియు చూపిరి. బరువులెత్తి దేహమును పెంచువారిపై 2015లో ప్రకటితమైన మరియొక అమెరికా పరిశోధనలో, స్టెరాయిడ్లు వాడిన 88 మందిలో నూటికి 22 మందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ పోగులు తెగినవి. వాడని 54 మందిలో నూటికి ఆరుగురికి మాత్రమే తెగినవి. మనిషిని మనిషి ఢీకొను ఆటల సంగతి యింకను గమనింపదగినది. అమెరికా ఫుట్‌బాల్ ఆడి విరమించిన 2,552 మంది వృత్తిక్రీడాకారులను విచారించిన ఫలితములు 2009లో వెలువడినవి. స్టెరాయిడ్లు వాడితిమని వారిలో నూటికి తొమ్మండుగురు ఒప్పుకొనిరి. మోకాలు, మోచేయి, చీలమండ, వెన్నెముకల గాయములు వారిలో ఎక్కువగ కానవచ్చినవి. మందు వాడువాడు మొరటుగ ఆడుటవలన గాయములు హెచ్చెనో, మందువలననే హెచ్చెనో ఈ లెక్క ఒక్కటియే తేల్చిచెప్పజాలదు. ఐనను బలము పెరిగిన కొలది దేహమునకు రక్షణ పెరుగునను నమ్మకము మాత్రము నిలువదు.

అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము 1975లో స్టెరాయిడ్లను నిషేధించి, 1976 మాంట్రియల్ క్రీడలనుండి పరీక్షలు జరిపించుచు వచ్చినది. 1988లో సియోలున నూరు మీటర్ల పరుగులో గెలిచిన బెన్ జాన్సన్ పతకము మూడు దినములకే చేజారిపోయెను. మనదేశమున 2022లో పార్లమెంటు దీనికొక ప్రత్యేక చట్టమునే చేసినది. కాని చట్టము పోటీలకెక్కిన క్రీడాకారుని మాత్రమే పట్టగలదు. ఊరి చివర వ్యాయామశాలలో, బలవర్ధకమను పేరుతో చేతికి వచ్చిన సూదిని పొడిపించుకొను పదునారేండ్ల బాలుని అది పట్టజాలదు. వానికి నష్టము మరింత హెచ్చు. ఎదుగుదల ముగియని వయస్సులో ఈ మందులు ఎముకల కొనలందు పెరుగుచున్న భాగములను ముందుగనే మూసివేయును. ఎత్తు అంతటితో ఆగిపోవును. హృదయమునకును కాలేయమునకును కలుగు హాని వేరు.

ఇక నాయుడుగారి కడపటి రోజుల కథ. ఏ మందును ఎరుగక పెంచిన దేహమునకును ఒక హద్దు కలదని ఆయన జీవితమే చాటినది. ఏనుగుకు లొంగని ఆ వీరుడు కాలిపై లేచిన పుండునకు లొంగవలసివచ్చెను. అది ముదురుటచే శస్త్రచికిత్స జరిపి కాలు తొలగించిరి. అప్పుడు ఆయన మత్తుమందు నిరాకరించి, ప్రాణాయామముచే ఊపిరి నిలిపి బాధ నోర్చుకొనిరని చెప్పుకొందురు. అటుపిమ్మట ఒడిషాలోని బలంగీరున సంస్థానపు ఆదరమున కాలము గడిపి, 1942 జనవరిలో సంక్రాంతి దినములలో కన్నుమూసిరి.

మత్తుమందు లేక కత్తికోత కోర్చుకొనిన యీ కథను మనము పిల్లలకు ఆశ్చర్యముతో చెప్పుదుము. చెప్పవలసినదే. కాని అందుండి వారు గ్రహించు నీతియేది? నొప్పిని లెక్కచేయనివాడే మగవాడని గ్రహించినచో ఆ కథ వారికి కీడే చేయును. నాయుడుగారు ఓర్చుకొన్నది వైద్యుడు నయముచేయుటకై కలిగించిన నొప్పి. ఆటలో కలుగు నొప్పి వేరు. అది దేహము మనకంపు వర్తమానము. నొప్పి తెలియకుండ సూది వేయించుకొని, చీరుకుపోయిన మోకాలితో మరల బరిలోనికి దిగువాడు వర్తమానము తెచ్చినవానిని వాకిటనే గెంటివేయుచున్నాడు. కండను పెంచు సూది యొకటి, నొప్పిని కప్పు సూది యొకటి. ఈ రెండును ఒకే దేహమున కలిసినపుడు, తెగుటకు సిద్ధముగ నున్న పోగునకు హెచ్చరించు దిక్కే యుండదు.

కోనసీమలో దేహసాధన కొత్తవిద్య కాదు. అమలాపురపు దసరా ఉత్సవములలో కర్రసాము, కత్తిసాములతో సాగు చెడీ తాలింఖానా తరతరములుగ ప్రసిద్ధమైనది. సంక్రాంతికి కొబ్బరితోటల నడుమ ఇసుకనేలలో కబడ్డీ పందెములు జరుగుట ఎల్లరెరిగినదే. కూతకు పోయిన కుర్రవాని చీలమండను ఒకడును నడుమును మరియొకడును పట్టి చెరియొక వైపునకు లాగినపుడు ఆ మోకాలు ఎంత మెలికపడునో ఒక్కసారి గమనింపుడు. అప్పుడు కాపాడునది తొడలోని కండ లావు కాదు; ఏండ్ల సాధనచే గట్టిపడిన పోగులు, సరిగ పడుటను నేర్చిన దేహము, ఆట ఆపుమని చెప్పగల పెద్దలు.

అందుచే పాఠశాలలలోని వ్యాయామోపాధ్యాయులకు నా విన్నపమొకటి కలదు. కోడి రామమూర్తిగారి కథ చెప్పునపుడు ఏనుగుతో ఆపక, సైదాపేటను చెప్పుడు. ప్రతిదినము తెల్లవారుజామున పట్టిన ఊపిరిని చెప్పుడు. కోల్పోయిన కాలినిగూర్చి చెప్పుడు. మూడునెలలలో కండలు తెప్పింతుమని ఎవరైన ఆశ చూపినచో, ఇంటను బడిలోను చెప్పక సమ్మతింపరాదని బాలురకు బోధింపుడు. కుంటుచు మైదానమునకు వచ్చిన పిల్లవానిని ఆనాడు గట్టుమీద కూర్చుండబెట్టుడు. వాడు అలుగవచ్చును. పది దినముల పిదప రెండు కాళ్ళమీద నిలిచి మరల కూతకు పోవును.