రోగశయ్య మీద వ్రాసిన పుస్తకము

చదువవలసిన భాగము: యెషయా 38:9-20

యూదా రాజైన హిజ్కియా మరణకరమైన రోగము నుండి లేచిన తరువాత తన సంగతి తానే వ్రాసెను. అందులో ఏడ్పు కలదు, దేవునితో మొర కలదు, పిమ్మట స్తుతి కలదు. లండను పట్టణములో ఇట్టి పనియే చేసిన బోధకుడొకడు ఉండెను. ఆయన పేరు జాన్ డన్.

ఆయన 1572లో రోమను కథోలిక కుటుంబములో పుట్టెను. ఆ దినములలో ఇంగ్లండులో ఆ మతస్థులకు శిక్షలుండెను. ఆయన తమ్ముడు హెన్రీ ఒక గురువును దాచినందుకు చెరసాలలో వేయబడి 1593లో అక్కడనే చనిపోయెను. డన్ క్రమముగా ఇంగ్లండు సంఘములో చేరెను. యౌవనములో ప్రేమ పద్యములు చాల వ్రాసెను. 1601లో, తన యజమానుని భార్యకు మేనకోడలైన ఆన్ మోరును రహస్యముగా పెండ్లాడి, ఉద్యోగము పోగొట్టుకొని, కొన్నాళ్లు చెరలో కూడ నుండెను. తరువాత ఇంటినిండ పిల్లలతో, చేతిలో పని లేక, ఏండ్ల తరబడి పెద్దల గుమ్మములు ఎక్కి దిగెను. 1615లో గురువుగా అభిషేకము పొందెను. 1617లో పండ్రెండవ కాన్పు తరువాత ఆన్ చనిపోయెను. 1621లో ఆయన సెయింట్ పాల్స్ దేవాలయమునకు డీన్ ఆయెను.

అభిషేకము మొదలుకొని ఆయన కలము అధికముగా ప్రసంగముల కొరకే నడిచెను. ఇతరుల ఆత్మలను గూర్చి వ్రాయుటతోనే దినములు గడచెను.

1623 చలికాలములో ఆయనకు ప్రాణాంతకమైన జ్వరము తగిలెను. లండనులో అప్పుడు ఆ జ్వరము అనేకులను పట్టియుండెను. నాలుకకు రుచి పోయెను, కాళ్లలో బలము పోయెను, ఒంటి మీద మచ్చలు తేలెను, రాత్రింబగళ్లు నిద్ర లేకపోయెను. జేమ్సు రాజు తన సొంత వైద్యుని పంపెను. తలలోని ఆవిరులు క్రిందికి దిగునని పావురములను చంపి పాదములకు కట్టిరి. నేడు వింతగా తోచును గాని, ఆనాటి పండితుల వైద్యమది.

ఆ మంచము మీద పుట్టిన తలంపులనే, లేచి కూర్చుండగలిగిన వెంటనే, ఆయన పుస్తకముగా కూర్చెను. జ్వరము నడిచిన తీరుననే 23 భాగములు. ప్రతి భాగములోను మొదట తన దేహస్థితి, తరువాత దేవునితో వాదము, కడపట ప్రార్థన. 1624 ఆరంభములో అది అచ్చయ్యెను.

అందులో ఒక చోటు నాకు మిక్కిలి విలువైనదిగా తోచుచున్నది. డన్ తన వైద్యుని ముఖమును కనిపెట్టి చూచును. వైద్యుడు భయపడుచున్నాడనియు, ఆ భయమును దాచుచున్నాడనియు గ్రహించి, తాను మరి యెక్కువ భయపడును. వేలమందికి ధైర్యము చెప్పిన డీన్ గారు ఈ మాటను దాచలేదు. మనలో కొందరు రోగము పేరు వినినప్పుడు, భయము వేసినదని చెప్పుటయే అవిశ్వాసమనుకొని నోరు మూసికొందురు. డన్ ఆ భయమునే తీసికొని దేవునితో వాదించెను.

ఇంకొక చోట గంట మ్రోగును. మన పల్లెలలో గుడి గంట వేళకాని వేళ మ్రోగినయెడల, ఎవరు పోయిరని వాకిట నిలిచి అడుగుదుము. డన్ కదలలేక పండుకొని ప్రక్క గుడి గంట వినెను. పోయినవాడెవడో తెలియదు, తన స్థితి చూచి తన కొరకే మ్రోగించుచున్నారేమో అనియు తోచెను. అంతవరకు తన నాడిని, తన మచ్చలను చూచుకొనుచున్న రోగి అక్కడ పొరుగువాని మరణమును తన నష్టముగా ఎంచెను. మట్టిపెళ్ల ఒకటి సముద్రములో కొట్టుకొనిపోయినను దేశము అంతమేరకు తరుగునని పోల్చెను. గోదావరి లంకలలో నుండువారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

ఆయన బ్రదికెను. అయినను పుస్తకము సంతోషముతో ముగియదు. జ్వరము తిరుగబెట్టవచ్చునని వైద్యులు హెచ్చరించిన భయముతోనే కడపటి భాగము నడచును.

మరి యేడేండ్లు ఆయన బోధించెను. 1631 ఫిబ్రవరి 25న, క్షీణించిన దేహముతో, చార్లెసు రాజు ఎదుట మరణమును గూర్చి కడపటి ప్రసంగము చేసి, మార్చి 31న నిద్రించెను. ప్రేతవస్త్రము కప్పుకొని నిలిచినట్లు చెక్కిన ఆయన ప్రతిమ 1666 నాటి గొప్ప అగ్నిలో పాత దేవాలయము కాలిపోయినను నిలిచెను. క్రొత్త దేవాలయములో అది నేటికిని ఉన్నది.