స్పైక్ మిల్లిగన్

స్పైక్ మిల్లిగన్ (ఏప్రిల్ 16, 1918 - ఫిబ్రవరి 27, 2002) ఇరవయ్యవ శతాబ్దపు ప్రముఖ హాస్యనటుడు, రచయిత, కవి, సంగీతకారుడు. అసలు పేరు టెరెన్స్ అలన్ మిల్లిగన్. భారతదేశంలో పుట్టి, పుణె, రంగూన్ నగరాలలో పెరిగి, బడి ఈడులోనే ఇంగ్లాండుకు చేరి, చివరకు ఐర్లండు పౌరుడిగా మరణించాడు. 1951 నుండి 1960 వరకు బీబీసీ రేడియోలో ప్రసారమైన ద గూన్ షో అనే హాస్య కార్యక్రమానికి ఈయనే ప్రధాన రచయిత. యుద్ధంలో మొదలైన మానసిక వ్యాధి ఈయనను జీవితాంతం వెంటాడింది. దానిని దాచుకోకుండా నలుగురిలో మాట్లాడిన తొలితరం కళాకారులలో ఒకడు.

బాల్యం

మిల్లిగన్ మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో (2024 నుండి అహిల్యానగర్) జన్మించాడు. తండ్రి లియో అల్ఫోన్సో మిల్లిగన్ ఐర్లండులోని స్లైగో ప్రాంతానికి చెందినవాడు. బ్రిటిష్ ఇండియా సైన్యంలో పనిచేసేవాడు. తల్లి ఫ్లోరెన్స్ ఆంగ్లేయురాలు. ఆమె పుట్టింటివారిది కూడా పుణెలో స్థిరపడిన సైనిక కుటుంబమే. తండ్రికి నాటకాల పిచ్చి మెండు. కంటోన్మెంటులో జరిగే వినోద ప్రదర్శనలలో వేషం కట్టకుండా ఉండేవాడు కాదు. తల్లి పాటలు పాడేది. హాస్యం, సంగీతం రెండూ కొడుకుకు ఇంటి నుండే వచ్చాయి.

చదువు పుణెలోని జీసస్ అండ్ మేరీ కాన్వెంటులో, తరువాత రంగూన్‌లోని క్రైస్తవ పాఠశాలలో సాగింది. తమ్ముడు డెస్మండ్ 1925లో పుట్టాడు. 1930ల తొలి సంవత్సరాలలో సైన్యంలో ఉద్యోగాల కోత వచ్చి తండ్రికి పని పోయింది. కుటుంబం ఓడెక్కి లండన్ చేరుకుని ఆగ్నేయ లండన్‌లోని క్యాట్‌ఫర్డ్ పరిసరాలలో చిన్న ఇంట్లో కాపురం పెట్టింది. నౌకర్లు, విశాలమైన బంగళా, ఎండ - వీటి మధ్య పెరిగిన పిల్లవాడికి ఆ చలి, ఆ పొగమంచు, ఆ ఇరుకు ఏనాటికీ మింగుడుపడలేదు. భారతదేశంలోని బాల్యాన్ని చివరిదాకా తలచుకుంటూనే ఉండేవాడు. 1974లో బీబీసీ రేడియో ప్రసారం చేసిన ప్లెయిన్ టేల్స్ ఫ్రం ద రాజ్ ధారావాహికలో తన జ్ఞాపకాలు చెప్పిన వారిలో మిల్లిగన్ ఒకడు. ఆ జ్ఞాపకాలు పాలకవర్గానికి చెందిన ఒక పిల్లవాడివి. గోడ అవతల ఉన్న భారతదేశాన్ని అతడు చూసింది తక్కువే అన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

చదువు ముగిశాక చిన్నచిన్న ఉద్యోగాలు చేస్తూ ట్రంపెట్, గిటారు నేర్చుకుని జాజ్ బృందాలలో వాయించాడు. రేడియోలో స్పైక్ జోన్స్ అనే అమెరికన్ బృందనాయకుడి సంగీతం విని ఆ పేరును తన పేరుకు తగిలించుకున్నాడు. టెరెన్స్ అన్న పేరు ఈయనకు మొదటి నుండి నచ్చలేదు.

యుద్ధం

1940లో నిర్బంధ సైనిక సేవ క్రింద ఫిరంగిదళంలో సిగ్నలరుగా చేరాడు. 1943లో ఉత్తర ఆఫ్రికాకు, అక్కడి నుండి ఇటలీకి వెళ్ళాడు. ఆఫ్రికాలోనే ఒక విచిత్రమైన పరిచయం జరిగింది. మిల్లిగన్ దళానికి చెందిన పెద్ద ఫిరంగి ఒకటి పట్టు తప్పి కొండ మీద నుండి దొర్లి, క్రింద ఉన్న మరో దళం ట్రక్కుకు దగ్గరగా పడింది. ఫిరంగిని వెతుక్కుంటూ వెళ్ళిన మిల్లిగన్‌కు ఆ ట్రక్కులో వేల్స్‌కు చెందిన హ్యారీ సీకోంబ్ అనే సైనికుడు కనిపించాడు. తరువాతి కాలంలో గూన్ షో ముగ్గురిలో ఒకడైన సీకోంబ్ ఇతడే.

1944 జనవరిలో, ఇటలీలో మోంటె కసీనో పోరాటాల సమయంలో, మోర్టారు గుండు పేలి మిల్లిగన్ గాయపడ్డాడు. కాలి గాయం త్వరగానే మానింది. మనసు మాత్రం కుదుటపడలేదు. తిరిగి దళంలోకి పంపినప్పుడు ఫిరంగుల మోత వినలేక వణికిపోయేవాడు, మాట తడబడేది. పై అధికారి ఈ స్థితిని వ్యాధిగా కాక పిరికితనంగా చూసి, ఆయనకున్న చిన్న హోదాను తీసివేసి సామాన్య సైనికుడిగా మార్చాడు. ఈ అవమానాన్ని మిల్లిగన్ ఎన్నడూ మరచిపోలేదు. యుద్ధభూమి నుండి తప్పించిన తరువాత గుమాస్తా పనులు చేసి, చివరకు సైనికుల వినోద బృందంలో గిటారు వాయిస్తూ, హాస్యం చెబుతూ ఇటలీలో తిరిగాడు. ఈయన వృత్తి జీవితం అక్కడే మొదలైందని చెప్పవచ్చు.

గూన్ షో

యుద్ధం ముగిశాక లండన్‌లో జిమ్మీ గ్రాఫ్టన్ అనే రచయిత నడిపే మద్యశాలలో మిల్లిగన్, సీకోంబ్, పీటర్ సెల్లర్స్, మైకేల్ బెంటీన్ కలుసుకునేవారు. వీరి కార్యక్రమం 1951 మే 28న క్రేజీ పీపుల్ అన్న పేరుతో మొదలై, తరువాత ద గూన్ షోగా మారింది. బెంటీన్ 1952లో విడిపోయాడు. మిగిలిన ముగ్గురితో 1960 జనవరి వరకు రెండు వందలకు పైగా భాగాలు వచ్చాయి.

అంతవరకు రేడియో హాస్యమంటే వేదిక మీది హాస్యాన్ని మైకు ముందు వినిపించడమే. చెవికి మాత్రమే సాధ్యమయ్యే హాస్యాన్ని మిల్లిగన్ కనిపెట్టాడు. కంటితో చూపలేని వింతలను శబ్దాలతో శ్రోత ఊహలో కట్టించవచ్చునని గ్రహించి, శబ్దాల కోసం బీబీసీ సాంకేతిక సిబ్బందిని సతాయించేవాడు. మెత్తని వస్తువు గోడకు తగిలిన చప్పుడు కావాలని, బీబీసీ క్యాంటీన్‌లో కస్టర్డ్ చేయించి, దానిని తన మేజోళ్ళలో నింపి విసిరాడని చెప్పుకుంటారు. ఎకిల్స్ అనే మందమతి, మిన్నీ అనే ముసలమ్మ, మోరియార్టీ అనే దివాలా తీసిన దొర - ఈ గొంతులన్నీ ఈయనవే. సెల్లర్స్ పలికిన మేజర్ బ్లడ్‌నాక్ అనే పాత్ర లంచగొండి, పిరికి, తిండిపోతు అయిన సైనికాధికారి. కంటోన్మెంటులో పెరిగి, యుద్ధంలో అధికారుల చేత అవమానం పొందిన రచయిత మాత్రమే సృష్టించగల పాత్ర అది. లాల్‌కాకా, బెనర్జీ అనే ఇద్దరు భారతీయ పాత్రలు కూడా అందులో వస్తుంటాయి. ఈ రచనలలోని పదాల ఆట పూర్తిగా ఇంగ్లీషు ఉచ్చారణ మీద ఆధారపడినది కనుక అనువాదానికి లొంగదు.

వారం వారం ఒక కొత్త నాటిక వ్రాయవలసి రావడం మిల్లిగన్‌ను లోలోపల తినివేసింది. 1952లో వివాహమైంది, ఆ ఏడాదే తొలి సంతానం కలిగింది. ఆ డిసెంబరులో మానసికంగా కుప్పకూలి, బంగాళదుంపలు చెక్కే కత్తితో సెల్లర్స్ ఇంటి మీదకు వెళ్ళాడు. ఉత్తర లండన్‌లోని మానసిక చికిత్సాలయంలో కొన్ని వారాలు ఉంచారు. కార్యక్రమం ఆయన లేకుండానే కొంతకాలం నడిచింది. తరువాత లారీ స్టీఫెన్స్, ఎరిక్ సైక్స్ వంటివారు రచనలో పాలుపంచుకున్నారు. అయినా భారం ప్రధానంగా మిల్లిగన్ మీదనే ఉండేది. ఈ తొమ్మిదేళ్ళ శ్రమకు కీర్తిలో పెద్ద వాటా సెల్లర్స్‌కు దక్కింది. వ్యాధి మిల్లిగన్‌కు మిగిలింది.

వేదిక, టెలివిజన్

1964లో రష్యన్ రచయిత గొంచరోవ్ నవల ఆధారంగా వచ్చిన ఆబ్లమోవ్ నాటకంలో ప్రధాన పాత్ర ధరించాడు. వ్రాసిన సంభాషణలు వదిలేసి, ప్రేక్షకులతో మాట్లాడుతూ, ఆలస్యంగా వచ్చినవారిని ఆటపట్టిస్తూ, రాత్రికో రకంగా నడిపించాడు. గంభీరమైన నాటకం అలా పూర్తి హాస్యంగా మారింది. పేరు కూడా సన్ ఆఫ్ ఆబ్లమోవ్ అని మార్చి మరో థియేటరులో కొనసాగించారు. ముందుగా అనుకోని హాస్యాన్ని అప్పటికప్పుడు పుట్టించడంలో ఈయన దిట్ట అని లండన్ నగరానికి తెలిసింది ఈ నాటకంతోనే. జాన్ ఆంట్రోబస్‌తో కలిసి వ్రాసిన ద బెడ్ సిట్టింగ్ రూమ్ అణుయుద్ధం తరువాతి ఇంగ్లాండు గురించిన నాటకం. 1969లో అది సినిమాగా వచ్చింది.

అదే 1969 మార్చిలో బీబీసీ టెలివిజన్‌లో క్యూ5 మొదలైంది. అందులోని ఘట్టాలకు ముగింపు ఉండదు. హాస్యం ఎక్కడ నీరసిస్తే అక్కడ వదిలేసి తరువాతి దానికి పోవడమే. నటులు వేషాలకు తగిలించిన అద్దె చీటీలతోనే తెర మీదకు వచ్చేవారు. ఆ సంవత్సరమే తమ కార్యక్రమానికి సన్నాహాలు చేసుకుంటున్న మాంటీ పైథాన్ బృందం, తాము చేయదలచినది మిల్లిగన్ ముందే చేసేశాడని గ్రహించి, క్యూ5 దర్శకుడు ఇయాన్ మెక్‌నాటన్‌నే తమ కార్యక్రమానికి తెచ్చుకుంది. పదేళ్ళ తరువాత వారు ట్యునీషియాలో లైఫ్ ఆఫ్ బ్రయన్ సినిమా తీస్తుండగా, తాను యుద్ధం చేసిన చోట్లను చూడడానికి అక్కడికి వచ్చిన మిల్లిగన్ ఒక చిన్న దృశ్యంలో నటించి తన దారిన తాను పోయాడు.

ఈయన కృషిలో మెచ్చలేనివి కూడా ఉన్నాయి. 1969 నాటి కర్రీ అండ్ చిప్స్ ధారావాహికలో ముఖానికి గోధుమరంగు పూసుకుని ఐరిష్-పాకిస్తానీ కార్మికుడిగా నటించాడు. జాత్యహంకారాన్ని ఎగతాళి చేయడం దాని ఉద్దేశమని చెప్పినా, కర్మాగారాలలో అవే తిట్లు నిజంగా పడుతున్న ఆసియా వలసదారులకు అది వెక్కిరింపుగానే వినిపించింది. టెలివిజన్ నియంత్రణ సంస్థ జోక్యంతో ఆరు భాగాలకే ఆగిపోయింది. 1975లో ఇదే ధోరణిలో వచ్చిన ద మెల్టింగ్ పాట్‌ను బీబీసీ ఒక్క భాగంతోనే నిలిపివేసింది. భారతదేశంలో పుట్టడం, భారతీయులను అనుకరించడానికి హక్కు ఇవ్వదు.

రచనలు

పిల్లల కోసం 1959లో సిల్లీ వెర్స్ ఫర్ కిడ్స్ అనే గేయసంపుటి వెలువరించాడు. 1963లో ఐర్లండు సరిహద్దు విభజనను ఎగతాళి చేసే పకూన్ నవల వచ్చింది. సరిహద్దు గీత ఒక ఊరిలోని శ్మశానం మధ్యగా పోవడం అందులోని ఇతివృత్తం. హిట్లరు పతనంలో తన పాత్ర అన్న అర్థం వచ్చే శీర్షికతో 1971లో ప్రారంభించిన యుద్ధ జ్ఞాపకాలు ఏడు సంపుటాలుగా విస్తరించి 1991లో ముగిశాయి. మొదటి సంపుటి 1973లో సినిమా అయినప్పుడు మిల్లిగన్ తన తండ్రి పాత్ర ధరించాడు. పుటపుటకూ నవ్వించే ఈ పుస్తకాలలో, ట్యునీషియాలో మరణించిన లెఫ్టినెంట్ గోల్డ్‌స్మిత్ ప్రస్తావన వచ్చేచోట నవ్వు ఆగిపోతుంది. ఈయన రచనలలో మొదట చదవవలసినవి ఇవే.

చికిత్సాలయాలలో ఉన్నప్పుడు వ్రాసిన విషాద కవితలు కొన్ని 1972 నాటి స్మాల్ డ్రీమ్స్ ఆఫ్ ఎ స్కార్పియన్‌లో ఉన్నాయి. ఈయనకు ఉన్నది బైపోలార్ వ్యాధి. అంటే, కొంతకాలం అదుపులేని ఉత్సాహం, కొంతకాలం మంచం దిగలేని నిరాశ. వైద్యుడు ఆంథొనీ క్లేర్‌తో కలిసి 1993లో కుంగుబాటు వ్యాధిపై ఒక పుస్తకం ప్రచురించాడు. వ్యాధి వల్లనే ప్రతిభ వచ్చిందన్న మాట కొందరు అభిమానులు చెబుతుంటారు. కాని ఈయన పని ఎక్కువగా ఆగిపోయింది వ్యాధి ముదిరిన కాలాలలోనే.

పౌరసత్వం

1960ల మొదట్లో బ్రిటిష్ పాస్‌పోర్టు విషయంలో చిక్కులు వచ్చాయి. తాను పుట్టింది భారతదేశంలో, తండ్రి పుట్టింది ఐర్లండులో. కామన్వెల్తు వలసలపై 1962లో కొత్త చట్టం వచ్చిన కాలమది. రాజభక్తి ప్రమాణం చేయాలనగా, బ్రిటన్ కోసం యుద్ధం చేసి గాయపడిన మిల్లిగన్ నిరాకరించి, తండ్రి ద్వారా సంక్రమించిన హక్కుతో ఐర్లండు పౌరసత్వం తీసుకున్నాడు. ఈ కారణంగానే 1992లో సీబీఈ, 2001లో కేబీఈ బిరుదులు ఆయనకు విదేశీయులకిచ్చే గౌరవ బిరుదులుగా మాత్రమే లభించాయి. నైట్‌హుడ్‌తో సమానమైన హోదా వచ్చినా సర్ అని పిలిపించుకునే వీలు లేకపోయింది. తల్లిదండ్రులు ఆస్ట్రేలియాలోని వోయ్ వోయ్ పట్టణానికి వలస వెళ్ళడంతో ఈయన అక్కడికీ తరచుగా వెళ్ళి ప్రదర్శనలు ఇచ్చేవాడు. అక్కడ ఒక వంతెనకు ఈయన పేరు పెట్టారు.

చివరి రోజులు

మూడుసార్లు వివాహం చేసుకున్నాడు. రెండవ భార్య ప్యాట్రీషియా 1978లో క్యాన్సరుతో మరణించింది. 1983లో షీలా సింక్లెయిర్‌ను వివాహమాడి, చివరి సంవత్సరాలు ససెక్స్‌లోని రై పట్టణం సమీపంలో గడిపాడు. సెల్లర్స్ 1980లో, బెంటీన్ 1996లో, సీకోంబ్ 2001 ఏప్రిల్‌లో కన్నుమూశారు. సీకోంబ్ మంచి గాయకుడు. అతడు తనకంటే ముందు పోవడం మంచిదే అయిందని, లేకపోతే తన అంత్యక్రియలలో పాడేవాడని మిల్లిగన్ హాస్యమాడేవాడు. 2002 ఫిబ్రవరి 27న, 83 ఏళ్ళ వయసులో, మూత్రపిండాల వైఫల్యంతో మిల్లిగన్ మరణించాడు. స్మారక ప్రార్థనలో సీకోంబ్ పాట రికార్డు వేసి వినిపించారు.

విన్‌చెల్సీలోని సెయింట్ థామస్ చర్చి ఆవరణలో ఈయన సమాధి ఉంది. తనకు ఒంట్లో బాగాలేదని ముందే చెప్పానుగదా అన్న అర్థం వచ్చే వాక్యాన్ని సమాధిపై చెక్కించాలన్నది ఆయన కోరిక. చర్చి అధికారులు ఇంగ్లీషులో చెక్కడానికి అంగీకరించలేదు. చివరకు ఐరిష్ భాషలో చెక్కారు.