చంద్రశేఖర వేంకట రామన్ (ద్రవ ఉపరితలాలపై పరిశోధనలు)

చంద్రశేఖర వేంకట రామన్ (నవంబరు 7, 1888 - నవంబరు 21, 1970) సుప్రసిద్ధ భారతీయ భౌతిక శాస్త్రవేత్త, 1930 నోబెల్ బహుమతి గ్రహీత. రామన్ ఎఫెక్టు గురించి తెలియని విద్యార్థి ఉండడు. అంతకు ముందునుంచీ ఈయన ద్రవ ఉపరితలాలపై చేసిన కృషి మాత్రం మన పాఠ్యపుస్తకాలలో అంతగా కనిపించదు.

బాల్యం

తిరుచిరాపల్లిలో జన్మించినా రామన్ పెరిగింది ఉత్తరాంధ్రలో. తండ్రి చంద్రశేఖర అయ్యర్ 1892లో విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడిగా చేరాడు. (నేటి విజయనగరం అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోనిదే.) రామన్ అక్కడే 11వ యేట మెట్రిక్యులేషను పూర్తిచేసి, పై చదువులకు మద్రాసు వెళ్ళాడు.

పరిశోధనలు

ద్రవ ఉపరితలపు వంపును బట్టి తలతన్యతను కనుగొనే పద్ధతిపై 1907లో లండను పత్రిక ఫిలసాఫికల్ మేగజైన్‌లో ఈయన వ్యాసం వెలువడింది. అప్పటికి వయసు పందొమ్మిదేళ్ళు. అదే యేడు కలకత్తాలో ఆర్థికశాఖ ఉద్యోగంలో చేరినా, కార్యాలయపు వేళలు కాని సమయాన్ని ప్రయోగశాలకే కేటాయించాడు. 1917లో ఆ ఉద్యోగం వదలి, తక్కువ జీతానికి కలకత్తా విశ్వవిద్యాలయ ఆచార్యుడయ్యాడు.

సముద్రపు నీలిరంగు ఆకాశపు ప్రతిబింబమేనని రేలీ భావించాడు. 1921లో ఇంగ్లండు నుండి ఓడలో తిరిగివస్తూ రామన్ దీనిని పరీక్షించాడు. నీటిపై ఒక ప్రత్యేక కోణంలో పరావర్తనం చెందిన కాంతిని నికోల్ పట్టకంతో అడ్డగించినా నీలం పోలేదు, పైగా మరింత చిక్కగా కనిపించింది. కనుక ఆ రంగు నీటి అణువులు కాంతిని వెదజల్లడం వలన కలుగుతున్నదని నిర్ణయించాడు. నీరు ఎరుపు కాంతిని పీల్చుకోవడం కూడా ప్రధాన కారణమని నేడు తెలుసు.

తరువాత శిష్యుడు ఎల్.ఎ. రామదాస్‌తో కలసి ఉపరితలాన్నే పరిశీలించాడు. నిశ్చలంగా కనిపించే ద్రవతలం నిజానికి నునుపైనది కాదు. ఎడతెగని ఉష్ణచలనంలో ఉన్న అణువులు దానిపై అతి సూక్ష్మమైన అలలను లేపుతుంటాయి, తలతన్యత వాటిని అణచివేస్తుంటుంది. ఈ అలల మీద పడిన కాంతి కొంత పక్కలకు చెదరుతుంది. తలతన్యత తగ్గినకొద్దీ ఈ పరిక్షేపణం పెరుగుతుంది. సిద్ధాంతంగా ముందే ఊహించిన ఈ విషయంపై వీరి ప్రయోగ ఫలితాలు 1925లో రాయల్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. కాగితాలపై గుణించిన అణుచలనం ఒక శుభ్రమైన నీటితలంపై మసక వెలుగుగా కంటికి కనబడటం చిన్న సంగతి కాదు.

1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్టు బయటపడింది. శిష్యుడు సూరి భగవంతం 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరాడు. కాంతి పరిక్షేపణంపై ఆయన గ్రంథం 1940లో అక్కడినుండే వెలువడింది.